బండి పుట్టుపూర్వోత్తరాలు మీ బీరువాల్లో ఉన్నాయి, బయటికి తీయండి

విశాఖపట్నంలో పాత మోటారు వాహనాల రిజిస్టర్లు తమ అధీనంలో ఉన్న అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కంచరపాలెంలో పాత కార్లు బాగుచేసే చిన్న షెడ్డు నడుపుతున్నాను. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు, మొదటి తరం మారుతి 800లు, ఎప్పుడైనా ఒక స్టాండర్డ్ హెరాల్డ్ మా దగ్గరికి వస్తుంటాయి. పాత రిజిస్టర్లలోని వివరాలు ఇప్పించమని ఆ బండ్ల ఓనర్లతో కలిసి నగరంలోని ఒక కార్యాలయంలో అర్జీలు పెట్టుకున్నాం. సోమవారాల్లో అధికారులు ప్రజల అర్జీలు తీసుకునే చోటా ఇచ్చాం. 'మీ అర్జీ సంబంధిత అధికారికి పంపబడింది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. కొన్నాళ్లకు 'పరిష్కరించబడింది' అని ఇంకోటి వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. కౌంటర్లో అడిగితే వాళ్లకూ తెలియదు. సమాచార హక్కు కింద పెట్టిన దరఖాస్తుకు మాత్రం ఒక్క వాక్యం జవాబొచ్చింది: 'రికార్డు లభ్యం కాలేదు.' అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మేం ఫీజులు తగ్గించమనడం లేదు. ఫిట్‌నెస్ లేని బండిని రోడ్డెక్కనివ్వమనీ అడగడం లేదు. బ్రేకు పట్టని బండిని ఆపాల్సిందే. మాకు కావలసింది కాగితం. ఫలానా చాసిస్ నంబరు బండి మొదట ఏ తేదీన, ఏ ఇంజిన్ నంబరుతో, ఎక్కడ రిజిస్టరైంది, ఆ తర్వాత అందులో ఏమేం మారాయి అన్నది మీ రిజిస్టర్లో ఎలా ఉంటే అలా రాసి, సంతకం పెట్టి ఇవ్వండి.

ఈ కాగితం మా సరదా కోసం కాదు, చట్టమే అడుగుతోంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ హోదా. ఇక్కడ అదివరకే రిజిస్టరైన బండికైతే పాత ఆర్‌సీ జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. నన్నడిగితే రెండూ మంచి నిబంధనలే. డిస్కో లైట్లు పెట్టి, జపాన్ ఇంజిన్ ఎక్కించి 'ఒరిజినల్' అని అమ్మేవాళ్లను చూసి నాకూ ఒళ్లు మండుతుంది. కానీ ఆ 'అసలు రూపం' ఏమిటో ఎవరు చెప్పాలి?

తయారుచేసినవాళ్లను అడుగుదామంటే వాళ్లు లేరు. బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సుకు చెందిన ప్యుజో వాళ్లకు అమ్మేశారు. ముంబయిలోని కుర్లాలో పద్మిని తయారీ ఆగి రెండు దశాబ్దాలు దాటింది. మద్రాసులో హెరాల్డ్ తయారుచేసిన స్టాండర్డ్ కంపెనీ అంతకన్నా ముందే, 1980ల చివర్లో మూతపడింది. మన ఊళ్లో ఒకప్పటి డీలర్ షోరూముల స్థలంలో ఇప్పుడు బట్టల దుకాణాలు, అపార్ట్‌మెంట్లు.

ఇంగ్లండులో గేడన్ అనే చోట బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. మోరిస్, ఆస్టిన్, ఎంజీ వంటి పాత కంపెనీల ఫ్యాక్టరీ లెడ్జర్లు వాళ్లు భద్రపరిచారు. రికార్డు మిగిలున్న కారుకు, చాసిస్ నంబరు పంపి ఫీజు కడితే అది ఎప్పుడు తయారైంది, ఏ రంగు, ఏ ఇంజిన్ నంబరు, ఏ డీలరుకు వెళ్లింది అని సర్టిఫికెట్ ఇస్తారు. అంటే వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో ఒక పాత ఎంజీ ఉంటే, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు వరకు దాని కథ పరాయి దేశం నుంచి తెప్పించుకోవచ్చు. ఓడ దిగి మన రోడ్ల మీద తిరిగిన దశాబ్దాల కథ మాత్రం మన ఊళ్లోనే దొరకదు.

బండిని చూసి కనిపెట్టలేరా అని మీ ఇన్‌స్పెక్టర్ ఒకాయన అన్నారు. కొంతవరకు కనిపెట్టగలం. బానెట్ ఎత్తి, రివెట్లు కొట్టిన కంపెనీ ప్లేటు చూస్తాం. చాసిస్ మీద చెక్కిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీస్తాం. ప్లేటు మీదున్నదీ, చెక్కినదీ, ఆర్‌సీలో ఉన్నదీ మూడూ కలవాలి. అసలు రంగు కోసం డోరు రబ్బరు పీకి, డ్యాష్‌బోర్డు వెనక, డిక్కీ మ్యాట్ కింద చూస్తాం. మళ్లీ రంగు వేసినవాళ్ల స్ప్రే గన్ అక్కడిదాకా వెళ్లదు. అద్దాల మీద మార్కులు, రివెట్లు ఊడదీసిన గుర్తులు, వెల్డింగ్ మచ్చలు కూడా చూస్తాం.

అయితే బండి సాక్ష్యం సగమే. అంబాసిడర్ మోడళ్లలో మార్క్ 3 1975లో, మార్క్ 4 1979లో, నోవా 1990లో వచ్చాయి. 90ల మొదట్లో 1800 సీసీ ఇసుజు ఇంజిన్ది వచ్చింది. గ్రిల్ చూస్తే మార్క్ తెలిసిపోతుందని జనం అనుకుంటారు. గ్రిల్, బంపరు, లైట్లు ఒకదానివి ఇంకోదానికి పట్టేస్తాయి, మా కుర్రాడు మధ్యాహ్నం భోజనంలోపు మార్చేస్తాడు. పైగా మనది సముద్రం ఊరు. ఉప్పుగాలికి ప్లేటు అంచులు, నంబరులో రెండు మూడు అంకెలు తినేసిన బండ్లు బీచ్ రోడ్డు వైపు ఇళ్ల నుంచి చాలా వస్తాయి. అక్కడ 3 ఉందో 8 ఉందో ఎంత అనుభవం ఉన్నా చెప్పలేను. చెప్పగలిగింది మీ రిజిస్టరే.

ఆర్‌సీ పుస్తకాలు చూద్దామంటే చాలావాటిలో 'ఫియట్' అని మాత్రమే ఉంటుంది. కుర్లాలో 1964 నుంచి 1100 డిలైట్‌గా తయారైన బండే 1970ల్లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, ఆ తర్వాత పద్మిని అయింది. గుమస్తా చేతికి మూడూ ఫియట్లే. పుస్తకం మీద ట్యాక్స్ ముద్రలు, ఫైనాన్స్ ఎక్కించిన ముద్ర, కొట్టేసిన ముద్ర, అడ్రసు మార్పులు వరసగా చదివితే బండి ఎక్కడెక్కడ బతికిందో కొంత తెలుస్తుంది. ఆ పుస్తకమే లేకపోతే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ నగరంలో ఎన్ని ఇళ్లలోకి నీళ్లు వచ్చాయో, ఎన్ని బీరువాల్లో కాగితాలు ముద్దయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. డూప్లికేట్ ఆర్‌సీకి వెళ్తే కంప్యూటర్లో బండి లేదంటారు. ఇప్పుడు బండ్ల రిజిస్ట్రేషన్లు ఎక్కించే వాహన్ సాఫ్ట్‌వేర్‌కు ముందు చేత్తో రాసిన రిజిస్టర్లలోని బండ్లు చాలావరకు అందులోకి ఎక్కలేదు. ఎక్కించడానికి బ్యాక్‌లాగ్ ఎంట్రీ అనే దారి ఉంది. దానికి రిజిస్టరు చూడాలి. రిజిస్టరు దొరకలేదంటారు. కథ మళ్లీ మొదటికొస్తుంది.

విశాఖ విషయంలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 1979లో విజయనగరం జిల్లా విడిపోయింది, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. 1989 జులైలో కొత్త నంబర్ల పద్ధతి వచ్చి మనకు ఏపీ 31 అయింది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అన్నారు. విజయనగరం వాళ్ల 1975 నాటి కారు మొదటి పేజీ విశాఖలో ఉండాలి, వాళ్లను మాత్రం రెండు ఊళ్ల మధ్య తిప్పుతున్నారు. 80ల్లో హైదరాబాదులో కొన్న కారుకు అప్పుడు ఒకే రాష్ట్రం, ఇప్పుడు ఆ రికార్డు పక్క రాష్ట్రంలో ఉంది. ఒడిశాలోని కోరాపుట్, జైపూర్‌ల నుంచి అక్కడి నంబరుతో దిగి ఇక్కడ ఏపీ 31 తగిలించుకున్న బండ్లు ఎన్నో. వాటి ఆర్‌సీల్లో కొన్నింటికి ఇక్కడ నంబరు ఇచ్చిన తేదీ ఒక్కటే మిగిలింది. యాభై ఏళ్లు లెక్కపెట్టాల్సింది మొదటి రిజిస్ట్రేషన్ నుంచి కాబట్టి, ఆ తేదీ లేకపోతే నిజంగా పాత బండి కూడా కాగితం మీద పడుచుదై కూర్చుంటోంది.

ఇంకో సంగతి. ఈ ఊళ్లోని అంబాసిడర్లలో పెద్ద భాగం ప్రభుత్వ ఆఫీసుల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో నడిచి, ఇక పనికిరావని కండెమ్ చేసి వేలం వేసినవే. వేలంపాట కాగితం, కండెమ్ రిపోర్టు, లాగ్‌బుక్ ఉంటే ఇంజిన్ ఎప్పుడు మార్చారో కూడా తెలిసిపోతుంది. ఆ ఫైళ్లు ఆయా సంస్థల గోడౌన్లలో పడి ఉన్నాయి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ నుంచి రద్దవుతోంది గనుక బండ్లతోపాటు వాటి ఫైళ్లు కూడా తుక్కుకు పోతాయేమోనని నా భయం.

ఈ నిర్లక్ష్యం ఎవరి మీద పడుతోందో చెబుతాను. పాత కార్లంటే డబ్బున్నవాళ్ల ముచ్చట అనుకుంటే పొరపాటు.

1. భర్త పోయాక ఇంటి ముందున్న కారును వారసత్వంగా తన పేరు మీదికి మార్చుకోలేని ఆడవాళ్లు ఉన్నారు. మా దగ్గరికొచ్చే ఒక రిటైర్డ్ టీచరమ్మ పరిస్థితి ఇదే. ఆర్‌సీ తుఫానులో పోయింది, కంప్యూటర్లో వివరాలు లేవు. ఆమె కారును నడపలేరు, అమ్మలేరు. ఆఖరికి తుక్కుకు వేయడానికీ లేదు. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రం కూడా ముందు రికార్డే అడుగుతుంది. కారు అక్కడే తుప్పు పట్టి పోతోంది, కింద పాములు చేరాయని ఇరుగుపొరుగు గొడవ.

2. బండి ఎప్పుడో అమ్మేసినవాడి మెడ మీద కత్తి వేలాడుతోంది. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజుకు రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో ఆయనే ఓనరు, పరిహారం బాధ్యత ఆయనదే. ఇరవై ఏళ్ల కిందట ఓనరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసిన మనిషి, ఆ మార్పు రిజిస్టర్లో ఎక్కిందో లేదో ఇప్పుడు తెలుసుకోవాలంటే దారి లేదు. ఎక్కకపోతే ఆయన పిల్లలకు నోటీసు వచ్చినరోజే తెలుస్తుంది. పక్షవాతం వచ్చి మంచంలో ఉన్న ఒక పెద్దాయన ఇదే టెన్షన్‌తో కొడుకును నా దగ్గరికి పంపించారు. నేనేం చెప్పగలను?

3. కొనేవాళ్లు మోసపోతున్నారు. రెండు బండ్లను కోసి ఒకటి చేసినవి, ఒకదాని కాగితాలు ఇంకోదానికి తగిలించినవి, నంబరు గ్రైండింగ్ చేసి మళ్లీ చెక్కినవి మార్కెట్లో తిరుగుతున్నాయి. మా వృత్తిలోనే ఈ పని చేసేవాళ్లున్నారు, దాచడమెందుకు. రిజిస్టరు నకలు పది నిమిషాల్లో చేతికొచ్చే పరిస్థితి ఉంటే వీళ్ల వ్యాపారం నెల తిరక్కుండా మూతపడుతుంది.

4. కుటుంబాలను పోషించిన టాక్సీ అంబాసిడర్లలో పెట్రోలు ఇంజిన్ దించి మెటడార్ వ్యాన్ డీజిల్ ఇంజిన్ ఎక్కించినవి చాలా. అప్పట్లో కొందరు అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకున్నారు. ఇప్పుడు అలాంటి బండి మీ ముందుకొస్తే 'ఇంజిన్ తేడా ఉంది' అని పక్కన పెడుతున్నారు. అనుమతి ఇచ్చినట్టు రాసిన పేజీ మీ దగ్గరే ఉంటుంది. ఆ పేజీ వెతకకుండా మనిషిని దొంగలా చూడటం న్యాయం కాదు.

5. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారు రెన్యువల్‌కు 10,000 రూపాయలయింది. అది కట్టడానికి సిద్ధపడి వచ్చినవాళ్ల దగ్గర కూడా, వివరాలు ఆన్‌లైన్లో లేవని తీసుకోవడం లేదు. దాంతో బీమా ఆగుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఆగుతుంది. ప్రభుత్వానికి రావాల్సిన డబ్బు రాదు, ఆ అవసరం కనిపెట్టిన బ్రోకరుకు మాత్రం ముడుతుంది. 'రికార్డు లేదు' అన్న బండికి బ్రోకరు వెళ్తే రికార్డు దొరికిన సందర్భాలు ఈ ఊళ్లో చాలామందికి తెలుసు. ఎలా దొరికిందో నేను రాయను.

మీ వైపు ఇబ్బందులు నాకు తెలియనివి కావు. సిబ్బంది లేరు, గది ఇరుకు, రిజిస్టర్లు చెదలు పట్టాయి, ముట్టుకుంటే పేజీలు పొడి అవుతాయి. ఇవన్నీ నిజమే. కానీ సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. రికార్డులను జాబితా వేసి, సూచిక తయారుచేసి పెట్టాలని దాని 4వ సెక్షన్ మొదటి మాటగానే చెబుతుంది. ఒకప్పుడు ఉన్న సమాచారాన్ని ఇప్పుడు దొరకడం లేదన్న సాకుతో ఎగ్గొట్టకూడదనీ, గట్టిగా వెతకాలనీ, నిజంగానే పోతే బాధ్యులెవరో తేల్చాలనీ 2013లో ఢిల్లీ హైకోర్టు అన్నది. చెదలు తిన్నాయంటే అలాగని రాసి ఇవ్వండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా పోయాయో ప్రజలకు తెలియాలి. 'లభ్యం కాలేదు' అన్న మాటలో రిజిస్టరు కాలిపోయిందా, పక్క గదిలో ఉందా, అసలు వెతికారా లేదా అన్నవేవీ తెలియవు.

పాత ఓనర్ల పేర్లు బయటపెట్టడం కుదరదని ఒక అభ్యంతరం వినపడింది. ఒప్పుకుంటాను, పేర్లూ అడ్రసులూ కొట్టేసి ఇవ్వండి. మాకు కావలసింది తేదీలు, నంబర్లు, మార్పులు. ఎంతమంది చేతులు మారిందో అంకె చాలు.

మా డిమాండ్లు ఇవి:

1. 1989కి ముందు నాటి రిజిస్టర్లలో ఏయే సంపుటాలు ఉన్నాయి, ఎక్కడున్నాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఏవి పోయాయి అన్న జాబితాను నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్లో పెట్టాలి. మొదటి పని ఇదే. దీనికి కొత్త బడ్జెట్ అవసరం లేదు, ఒక గుమస్తా, ఒక పుస్తకం చాలు.

2. ఉన్నవాటిని స్కాన్ చేయాలి. చేసేదాకా ఒక్క రిజిస్టరును కూడా తుక్కుకు వేయకూడదని లిఖితపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి.

3. చాసిస్ నంబరో పాత బండి నంబరో ఇచ్చి, నిర్ణీత ఫీజు కట్టినవారికి 30 రోజుల్లో ధ్రువీకరించిన నకలు ఇవ్వాలి. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, తయారైన సంవత్సరం, ఇంజిన్ నంబరు, సీసీ, బాడీ రకం, రంగు రాసి ఉంటే రంగు, అనుమతించిన మార్పులు, బండి వేరే ఆఫీసుకు మారడానికి ఇచ్చే ఎన్‌ఓసీ ఎక్కడికి వెళ్లింది అన్నవి అందులో ఉండాలి.

4. రిజిస్టరు నిజంగా పోయినచోట ప్రత్యామ్నాయ ఆధారాలను ఒప్పుకోవాలి. పాత ఆర్‌సీ జిరాక్సు, ట్యాక్స్ రసీదు, బీమా పాలసీ, కొన్న బిల్లు, వేలం కాగితం, వీటితోపాటు చాసిస్ పెన్సిల్ అచ్చు, పోలీసుల దగ్గర దొంగతనం కేసు లేదన్న ధ్రువీకరణ. వీటిలో ఎన్ని ఉంటే సరిపోతుందో ముందే రాసి పెట్టాలి, కౌంటర్లో కూర్చున్న మనిషిని బట్టి మారకూడదు.

5. విజయనగరం, శ్రీకాకుళం, అనకాపల్లి, పాడేరు వాళ్ల రికార్డు ఏ ఆఫీసులో ఉందో మీలో మీరు ఉత్తరాలు రాసుకుని తేల్చుకోవాలి. హైదరాబాదు, కోరాపుట్ రికార్డులకూ అంతే. దరఖాస్తుదారుణ్ణి తపాలా బంట్రోతును చేయొద్దు.

6. వింటేజ్ బండ్లను తనిఖీ చేసే కమిటీలో ఆ తరం ఇంజిన్లు విప్పి బిగించిన మెకానిక్ ఒకరిని కూర్చోబెట్టండి. జీతం అక్కర్లేదు.

7. ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థలు కండెమ్ చేసిన పాత వాహనాల లాగ్‌బుక్కులు, వేలం ఫైళ్లను పారేయకుండా రాష్ట్ర పత్ర భాండాగారానికి అప్పగించేలా చూడండి.

మా వంతు మేం చేస్తాం. కంచరపాలెం, గాజువాక ఆటోనగర్‌లలోని షెడ్డుల దగ్గర పాత సర్వీసు మాన్యువళ్లు, విడిభాగాల కేటలాగులు, డీలర్లు ఇచ్చిన ధరల పట్టికలు ఇంకా ఉన్నాయి. ఏ మోడల్‌కు ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ టైరు సైజు వచ్చేదో వాటిలో ఉంటుంది. మీ తనిఖీ సిబ్బందికి ఒక సెట్టు జిరాక్సు తీయించి ఇస్తాం. రిజిస్టర్లు స్కాన్ చేసేటప్పుడు పాత చేతిరాతలు, పొట్టి గుర్తులు చదవడానికి మనుషులు కావాలంటే, అప్పట్లో ఏజెంట్లుగా పనిచేసిన పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు వస్తామన్నారు. వాళ్ల వయసు చూసుకుని ఈ పని త్వరగా మొదలుపెట్టండి.

ఈ ఉత్తరం ప్రతిని తపాలాలో మీకు విడిగా పంపుతున్నాను. 30 రోజుల్లో మొదటి డిమాండుకు, అంటే ఆ జాబితాకు, లిఖితపూర్వక జవాబు ఇవ్వండి. రాకపోతే, మా దరఖాస్తుకు వచ్చిన 'లభ్యం కాలేదు' అన్న జవాబు మీద సమాచార హక్కు చట్టం 19వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్తాం. ఇబ్బందిపడుతున్న ఓనర్లంతా తమ బండి కాగితాల జిరాక్సులతో విడివిడిగా దరఖాస్తులు పెడతారు. ఈలోగా రిజిస్టర్లు చూడటానికి ఏ రోజు రమ్మంటారో చెబితే, ఆ రోజు షెడ్డు కట్టేసి వస్తాను.

ఇట్లు,
పాత కార్ల మెకానిక్ ఒకరు,
తోటి ఓనర్ల తరఫున,
కంచరపాలెం, విశాఖపట్నం